‘ప్రజలు ఒప్పుకోరు’: నగర రవాణాపై అభిప్రాయ సేకరణల గురించి ఒక విమర్శ

నగరాల్లో కార్ల వాడకాన్ని తగ్గించే ప్రతిపాదన ఏది వచ్చినా, దాని వెనుకే ఒక వాక్యం వస్తుంది: “ఆలోచన మంచిదే కాని, ప్రజలు ఒప్పుకోరు.” మంత్రులు, మేయర్లు, ఇంజనీర్లు, పత్రికా సంపాదకులు ఏదో ఒక సందర్భంలో ఈ మాట అన్నవారే. ఈ మాటకు శాస్త్రీయమైన ఊతమిచ్చే పరిశోధన కూడా గత పాతికేళ్ళలో పుష్కలంగా వచ్చింది. సుస్థిర రవాణా పట్ల, స్మార్ట్ రవాణా పట్ల ప్రజల వైఖరిని కొలిచే ప్రశ్నావళులు, వాటి మీద గణాంక విశ్లేషణలు, చివరగా విధానకర్తలకు సూచనలు. ఇది ఇప్పుడు ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడింది. ఈ శాఖలో చాలామంది చర్చించకుండానే స్వీకరించే ఒక ఊహను పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. అభిప్రాయం అనేది మనిషిలో ముందే తయారై ఉంటుందని, ప్రశ్న అడగగానే అది యథాతథంగా బయటికి వస్తుందని ఆ ఊహ. అది చాలా సందర్భాల్లో నిజం కాదని, అది నిజమని నమ్మడం వల్ల కొందరి ప్రాణాలకే నష్టం కలుగుతోందని నా వాదన.

నేను రవాణా నిపుణుణ్ణి కాను. లండన్ శివారులో పనిచేసే వైద్యుణ్ణి. అయితే మనుషుల్ని ప్రశ్నలడిగి, వాళ్ళ జవాబుల మీద ఆధారపడి నిర్ణయాలు తీసుకోవడం నా వృత్తి కూడా. “రోజూ నడుస్తున్నారా?” అని మధుమేహ రోగిని అడిగితే, పదిమందిలో ఎనిమిదిమంది నడుస్తున్నామనే చెబుతారు. వాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు. నేను వినదలచుకున్న జవాబేదో నా ప్రశ్నలోనే ఉంది. “నిన్న ఎక్కడికి నడిచి వెళ్ళారు?” అని అడిగితే వేరే జవాబు వస్తుంది. “నడవాలనుకున్న రోజున నడవకుండా ఆపిందేమిటి?” అని అడిగితే మోకాలి నొప్పి, చీకటి పడ్డాక వీధిలో భయం, రెండు ఉద్యోగాలు బయటపడతాయి. మందు రాయడానికి పనికొచ్చేది ఈ మూడో జవాబు. వైద్య విద్యలో ఇది మొదటి సంవత్సరాల్లోనే నేర్పుతారు. రవాణా వైఖరుల పరిశోధనలో అధిక భాగం ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి ఉంది.

రెండు మాటలు, ఒకే గాటన

ఈ అధ్యయనాల్లో ఎక్కువగా కనిపించే సైద్ధాంతిక పునాది ఐసెక్ ఐజెన్ 1991లో విస్తృతంగా వివరించిన ‘ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతం’. దాని ప్రకారం ఒక పని పట్ల మన వైఖరి, చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకుంటారనే భావన, ఆ పని మన చేతుల్లో ఉందనే నమ్మకం, ఈ మూడూ కలిసి ఉద్దేశంగా మారతాయి. ఉద్దేశం ప్రవర్తనగా మారుతుంది. సిద్ధాంతంలో పెద్ద లోపం లేదు. లోపం దాన్ని వాడే పద్ధతిలో ఉంది. మూడో అంశం, అంటే ‘నా చేతుల్లో ఉందా’ అనేది, రవాణా విషయంలో మనస్తత్వానికి సంబంధించినది మాత్రమే కాదు. ఉదయం ఐదింటికి బస్సు ఉందా లేదా అన్నది వాస్తవం. దాన్ని ‘పూర్తిగా ఏకీభవిస్తున్నాను’ నుంచి ‘అసలు ఏకీభవించను’ దాకా ఐదు గళ్ళలో ఒకచోట టిక్కు పెట్టించి, మిగిలిన భావనలతో కలిపి లెక్కకట్టినప్పుడు, లేని బస్సు కాస్తా మనిషి మనోవైఖరిగా నమోదవుతుంది.

అంతకంటే తీవ్రమైన పొరపాటు ‘సుస్థిర’, ‘స్మార్ట్’ అనే రెండు విశేషణాలను జంటగా వాడటం. ఈ రెంటికీ మనిషి చెల్లించే మూల్యం ఒకటి కాదు. బస్సు ఎప్పుడొస్తుందో ఫోనులో చూపించే యాప్, అన్ని వాహనాలకూ చెల్లే ఒకే కార్డు, రద్దీని బట్టి తనంతట తానే మారే సిగ్నలు, ఇవి స్మార్ట్ రవాణా కిందికి వస్తాయి. వీటివల్ల ఎవరూ ఏదీ వదులుకోనక్కర్లేదు, కాబట్టి అడిగినవాళ్ళందరూ బాగుందంటారు. సుస్థిర రవాణా అలా కాదు. రోడ్డులో ఒక వరుసను బస్సుకు ఇచ్చేయాలి. ఇంటి ముందు ఉచితంగా కారు నిలిపే చోటు పోవచ్చు. నగరం నడిబొడ్డుకు కారులో వెళ్తే రుసుము కట్టాలి. ఇక్కడ ఒకరి చేతిలోది మరొకరి చేతికి మారుతుంది. ఈ రెంటినీ ఒకే ప్రశ్నావళిలో కలిపి, ‘సుస్థిర, స్మార్ట్ రవాణాకు ప్రజల్లో విశేష ఆదరణ’ అని తేల్చే అధ్యయనం మొదటి భాగపు అంగీకారాన్ని రెండో భాగానికి అరువిస్తోంది. పాలకులకు ఇది సౌకర్యంగా ఉంటుంది. ఖర్చుపెట్టి యాప్ తయారుచేయించడం తేలిక, బస్సుకు దారి ఇవ్వడం కష్టం. భారతదేశంలో 2015లో మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్ వంద నగరాలను ఎంచుకుంది. తెలుగు రాష్ట్రాల నుంచి విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, వరంగల్లు, కరీంనగర్ అందులో ఉన్నాయి. కెమెరాల గోడతో కంట్రోల్ రూము ఏర్పాటు చేసిన నగరం స్మార్ట్ అనిపించుకోగలదు. అదే నగరంలో స్త్రీలు, వృద్ధులు చెప్పులు తెగకుండా నడవగలిగే ఫుట్‌పాత్ లేకపోయినా ఆ పేరు పోదు.

ముందు అడగడం, తరవాత అడగడం

స్టాక్‌హోమ్ అనుభవాన్ని ఈ చర్చలో తప్పించుకోలేం. నగర కేంద్రంలోకి వచ్చే, బయటికి వెళ్ళే వాహనాల మీద అక్కడ 2006 జనవరి 3 నుంచి జూలై 31 దాకా ప్రయోగాత్మకంగా రద్దీ రుసుము విధించారు. మొదలుపెట్టేముందు అధిక సంఖ్యాకులు వ్యతిరేకులే. రుసుము మొదలవగానే సరిహద్దు దాటే వాహనాలు సుమారు ఐదోవంతు తగ్గాయి. ప్రయోగం ముగిశాక కొన్ని వారాలపాటు రుసుము లేని రోడ్లను కూడా జనం చూశారు. ఆ తరవాత, సెప్టెంబర్ 17న జరిగిన రెఫరెండంలో నగరవాసుల్లో సగానికి కాస్త ఎక్కువమంది రుసుము కొనసాగాలని ఓటేశారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. ఆ తరవాతి సంవత్సరాల్లో మద్దతు మూడింట రెండు వంతులకు చేరింది.

ఇందులో నన్ను ఆకర్షించిన అంశం వేరే ఉంది. ఆ ప్రయోగాన్ని దగ్గరగా అధ్యయనం చేసిన యోనాస్ ఎలియాసన్ 2012లో ఒక ప్రసంగంలో దాన్ని వివరించారు. అభిప్రాయం మార్చుకున్నవాళ్ళు ఎవరో, ఎందుకు మార్చుకున్నారో కనుక్కుందామని సర్వే చేస్తే, వాళ్ళలో సగానికి పైగా తాము అసలు మారలేదని, మొదటినుంచీ అనుకూలురమేనని చెప్పారట. రుసుము వచ్చాక కారు ప్రయాణాలు తగ్గించుకున్నవాళ్ళకు తాము తగ్గించుకున్నామన్న సంగతే సరిగా తెలియదు. వైద్యుడికి ఇది కొత్త కాదు. పొగతాగడం మానేసినవాణ్ణి ఐదేళ్ళ తరవాత అడిగితే, మానడం అంత కష్టం కాలేదనే చెబుతాడు. ఆ రోజుల్లో అతని మాటలు నా కేసు షీటులో ఉన్నాయి కాబట్టి నాకు తెలుసు, అతనికి గుర్తుండదు. కాబట్టి ‘మీరు మారతారా?’ అన్న ప్రశ్నకు ముందు వచ్చిన జవాబునే కాదు, ‘మీరు మారారా?’ అన్నదానికి తరవాత వచ్చిన జవాబును కూడా నమ్మలేం. నమ్మదగింది వాహనాల లెక్క, గాలిలోని రసాయనాల లెక్క.

అయితే దీని నుంచి ‘ముందు అమలుచేసేయండి, జనం వాళ్ళే సర్దుకుంటారు’ అనే పాఠాన్ని తీయడం కూడా తొందరపాటే. ఎడింబరోలో 2005లో, మాంచెస్టర్‌లో 2008లో ఏ ప్రయోగమూ లేకుండా ముందుగానే ఓటు అడిగారు. మొదటిచోట సుమారు 74 శాతం, రెండోచోట సుమారు 79 శాతం వ్యతిరేకించారు. ఇంతవరకు స్టాక్‌హోమ్ కథకు అనుగుణంగానే ఉంది. కాని స్వీడన్‌లోనే గోథెన్‌బర్గ్‌లో 2013 జనవరిలో రుసుము మొదలైంది. ఏడాదిన్నర అనుభవం తరవాత, 2014 సెప్టెంబరు రెఫరెండంలో అధిక సంఖ్యాకులు వద్దనే ఓటేశారు. ఆ ఓటు సలహాపూర్వకమైనది కాబట్టి రుసుము కొనసాగింది. స్టాక్‌హోమ్‌లో కూడా, చుట్టుపక్కల మునిసిపాలిటీల్లో రెఫరెండం జరిగినచోట్ల మొత్తం మీద ‘వద్దు’ అన్నవాళ్ళే ఎక్కువ. అనుభవం మనసు మారుస్తుందన్నది నిజమే కాని, ఎవరి అనుభవం అన్నది ముఖ్యం. స్టాక్‌హోమ్‌లో రుసుము రాకముందే, 2005 ఆగస్టులోనే, అదనపు బస్సులు వేశారు. లాభం కంటికి కనబడింది, ప్రత్యామ్నాయం కాలికి అందింది. ఈ రెండూ లేనిచోట అనుభవం వ్యతిరేకతను పెంచవచ్చు కూడా.

లండన్‌లో ఎవరిని అడిగారు?

ఇక నేను నివసించే నగరం. ఇక్కడ ఎక్కువ కాలుష్యం వదిలే పాత వాహనాలకు రోజుకు 12.50 పౌండ్ల రుసుము విధించే ‘అల్ట్రా లో ఎమిషన్ జోన్’, అందరూ పిలిచేట్టు యూలెజ్, 2019లో నగర కేంద్రంలో మొదలై, 2021లో విస్తరించి, 2023 ఆగస్టు 29న లండన్ మొత్తానికి వర్తించింది. చివరి విస్తరణకు ముందు, 2022లో, ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జవాబిచ్చినవాళ్ళలో సుమారు 60 శాతం వ్యతిరేకించారు. మరుసటి ఏడాది జూలైలో అక్స్‌బ్రిడ్జ్ ఉపఎన్నికలో లేబర్ పార్టీ 495 ఓట్ల తేడాతో ఓడిపోయింది. కారణం యూలెజేనని రెండు పార్టీలూ ప్రకటించాయి. ఆ 495 ఓట్లు దేశవ్యాప్త పర్యావరణ విధానం మీద తీర్పుగా మారిపోయాయి. ఏడాది తిరగకముందే సార్వత్రిక ఎన్నికల్లో అదే స్థానాన్ని అదే లేబర్ పార్టీ గెలుచుకుంది. యూలెజ్ తెచ్చిన మేయర్ సాదిక్ ఖాన్ 2024 మే నెలలో మూడోసారి గెలిచారు. వీటిని యూలెజ్‌కు ఆమోదముద్రగా చదివినా తప్పే. ఓటు వేసేటప్పుడు మనిషి మనసులో పదిహేను విషయాలుంటాయి. అయినా ఓటమికి ఇచ్చినంత అర్థాన్ని గెలుపుకు ఎవరూ ఇవ్వలేదన్నది గమనించదగ్గది.

అభిప్రాయ సేకరణకు జవాబిచ్చేవాళ్ళు తమంతట తామే ముందుకొచ్చినవాళ్ళు. మా క్లినిక్‌కు వచ్చేవాళ్ళను చూసి ఊరి ఆరోగ్యాన్ని అంచనా వేస్తే ఊరంతా దగ్గుతోందని రాయాలి. అలాగని ఆ 60 శాతాన్ని కొట్టిపారేయడానికీ వీల్లేదు. మా క్లినిక్‌లో తెల్లవారకముందే వచ్చి గదులు శుభ్రంచేసే ఒకామె ఉండేది. ఆమెకు పాత డీజిల్ కారు. రుసుము వస్తుందని తెలిసిన రోజున ఆమె నాతో అన్నమాట ఇంచుమించుగా ఇది: “గాలి బాగుండాలని నాకూ ఉంది డాక్టర్. నాలుగున్నరకు బస్సు చూపించు.” పాత వాహనాన్ని వదులుకునేవారికి ఇచ్చే సహాయం మొదట కొన్ని ప్రభుత్వ భృతులు పొందేవారికి, చిన్న సంస్థలకు పరిమితమైంది, 2023 ఆగస్టులో, విస్తరణకు కొద్దిరోజుల ముందుగాని లండన్ వాసులందరికీ అందుబాటులోకి రాలేదు. సర్వే లెక్కలో ఆమె ‘వ్యతిరేకి’. నిజానికి ఆమె కోరింది ఎక్కువ సుస్థిర రవాణానే.

నా సంగతి కూడా చెప్పాలి. నాకూ డీజిల్ కారే ఉండేది. బ్రిటన్‌లో 2001 తరవాత వాహన పన్నును కార్బన్ డయాక్సైడ్ ప్రకారం లెక్కించడం వల్ల డీజిల్ చవక అయింది, పర్యావరణానికి మేలన్న పేరూ వచ్చింది. నైట్రోజన్ డయాక్సైడ్ మాట ఎవరూ ఎత్తలేదు. వైద్యుణ్ణయిన నేనూ ఎత్తలేదు. రుసుము రాబోతోందని తెలియగానే కారు మార్చేశాను, ఆ భారం నేను మోయగలిగినదే. 2022 ప్రశ్నావళి నాకూ వచ్చింది. తీరిక లేదనుకుని పక్కన పెట్టాను. ఆ గణాంకాల్లో నేను లేను.

లెక్కలోకి రానివాళ్ళు

నాకంటే ముఖ్యంగా అందులో లేనివాళ్ళున్నారు. ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా ఆగ్నేయ లండన్‌లో, సౌత్ సర్క్యులర్ రోడ్డుకు దగ్గర్లో పెరిగిన పాప. తీవ్రమైన ఉబ్బసంతో మూడేళ్ళలో పాతికసార్లకు పైగా ఆసుపత్రిలో చేరి, 2013 ఫిబ్రవరిలో తొమ్మిదేళ్ళ వయసులో చనిపోయింది. తల్లి రోజమండ్ పట్టువిడవకుండా పోరాడగా జరిగిన రెండో విచారణలో, 2020 డిసెంబరులో, కరోనర్ ఫిలిప్ బార్లో వాయుకాలుష్యం ఆ మరణానికి దోహదం చేసిందని నిర్ధారించారు. బ్రిటన్‌లో ఒక వ్యక్తి మరణ కారణాల్లో వాయుకాలుష్యం నమోదవడం అదే మొదటిసారి. 2021లో ఆయన ఇచ్చిన నివేదికలో మరో అంశం ఉంది: కాలుష్యం చేసే హానిని గురించి వైద్యులు, నర్సులు రోగులకు తగినంతగా చెప్పడం లేదు.

అది చదివినరోజు నేను నా పాత కేసు షీట్లు గుర్తుచేసుకున్నాను. ఉబ్బసమున్న పిల్లల తల్లిదండ్రులను ఇంట్లో పిల్లి ఉందా, తివాచీ ఉందా, ఎవరైనా పొగ తాగుతారా అని అడిగాను. ఇల్లు ఏ రోడ్డు మీద ఉంది, బడికి ఏ దారిన వెళ్తారు అని ఇన్నేళ్ళలో ఎవరినీ అడిగిన గుర్తు లేదు. నేను అడగలేదు కాబట్టి వాళ్ళకు దాని మీద అభిప్రాయమూ ఏర్పడలేదు. వాళ్ళకు యూలెజ్ అంటే రుసుము మాత్రమే. పిల్లవాడి పంపుకు, ఆ కెమెరాకు మధ్య సంబంధం చూపవలసినవాళ్ళలో నేనొకణ్ణి. ప్రజలకు అవగాహన లేదని తేల్చే అధ్యయనాలు, అవగాహన కలిగించవలసినవాళ్ళ మౌనాన్ని ఎక్కడా కొలవవు. 2025 మార్చిలో నగర పాలన విడుదల చేసిన నివేదిక ప్రకారం, యూలెజ్ లేకపోయి ఉంటే ఉండేదానితో పోలిస్తే, లండన్ రోడ్ల పక్కన నైట్రోజన్ డయాక్సైడ్ 27 శాతం తక్కువగా ఉంది. ఇది తన పథకం గురించి నగర పాలన తానే వేసిన అంచనా, ఆ జాగ్రత్తతోనే చదవాలి. అయినా ఊపిరితిత్తులకు సంబంధించినంతవరకు 495 కంటే ఇదే పెద్ద అంకె.

మన దగ్గరా లెక్కలోకి రానివాళ్ళు ఎక్కువే. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, గృహ పరిశ్రమ కాని పనుల్లో ఉన్నవారిని పనికెలా వెళ్తారని అడిగారు. దేశం మొత్తం మీద కారులో వెళ్ళేవారికంటే నడిచివెళ్ళేవారు ఎన్నో రెట్లు ఎక్కువ. కాని నగర రవాణా మీద ‘ప్రజాభిప్రాయం’ అన్నప్పుడు మన చెవికి చేరేది కారు అద్దాల వెనుకనుంచి వచ్చే గొంతే. ఢిల్లీలో 2008లో అంబేడ్కర్ నగర్ – మూల్‌చంద్ మధ్య బస్సులకు ప్రత్యేక వరుస ఏర్పాటు చేసినప్పుడు, కార్లకు ఆలస్యమవుతోందని పత్రికలు, ఛానళ్ళు హోరెత్తాయి. దాన్ని తొలగించాలన్న వ్యాజ్యాన్ని 2012లో హైకోర్టు కొట్టివేసింది. అయినా 2016లో ఆ వరుసను తీసేశారు. వాహనాల కదలిక కాదు, మనుషుల కదలిక ముఖ్యమని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రాసుకున్న దేశం అది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద స్త్రీలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో దీని మీద నెలల తరబడి చర్చ నడిచింది: ఉచితాలు దేశాన్ని పాడుచేస్తాయని, మగవాళ్ళకు సీట్లు దొరకడం లేదని. ఆ గ్రూపులో ముప్ఫైమందికి పైగా ఉన్నాం. సిటీ బస్సెక్కి పదేళ్ళు దాటనివాళ్ళు ముగ్గురో నలుగురో. హైదరాబాద్‌లో ఇళ్ళలో పనిచేసే స్త్రీ రెండు బస్సులు మారి వెళ్తే, మిగిలిన టికెట్టు డబ్బుతో ఏం చేస్తోందో, నిలబడ్డానికి చోటు లేని బస్సును గురించి ఏమంటుందో ఆ గ్రూపులో ఎవరూ రాయలేరు. ఆమె పథకాన్ని పొగడవచ్చు, ఇంకొన్ని బస్సులు వేయమని తిట్టనూవచ్చు. రెండూ విలువైన అభిప్రాయాలే. కాని ఆన్‌లైన్ ప్రశ్నావళి లింకు చేరేది మా గ్రూపుకు.

అడిగే పద్ధతి

అభిప్రాయం అడగడం మానేయాలని నేననడం లేదు. రక్తపోటు కొలతలో తప్పులొస్తాయని కొలవడం మానేయం. కూర్చోబెట్టి, కాసేపాగి, రెండుసార్లు, వీలైతే ఇంటి దగ్గర కొలుస్తాం. ఇక్కడా అంతే. భవిష్యత్తులో ఏం చేస్తారని కాక, నిన్న ఎలా వెళ్ళారని అడగాలి. ఇచ్చేవాటిని, తీసుకునేవాటిని వేరువేరుగా అడగాలి. ఏ మార్పునైనా ముందు, అమల్లో ఉండగా, తరవాత, మూడుసార్లూ అదే మనుషుల్ని అడగాలి. తెల్లవారుజామున బస్టాపులో నిలబడినవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి అడగాలి. పిల్లల తరఫున ఎవరు జవాబు చెబుతున్నారో రాసుకోవాలి. ఒకరు ‘వద్దు’ అన్నప్పుడు ఆ మాట కింద గీత గీసి ఆపేయకుండా, ఏముంటే ‘సరే’ అంటారో అడగాలి. ‘ప్రజలు ఒప్పుకోరు’ అన్న వాక్యం ఈ పని అంతా జరిగాక రాయవలసిన ముగింపు. మనం దాన్ని ఉపోద్ఘాతంగా వాడుకుంటున్నాం.

గత నాలుగేళ్ళుగా ఉబ్బసమున్న పిల్లలు వచ్చినప్పుడు బడి దారి గురించి అడుగుతున్నాను. మొన్నీమధ్య మన తెలుగు కుటుంబమే ఒకటి వచ్చింది. వాళ్ళది ప్రధాన రహదారి మీద రెండో అంతస్తు ఫ్లాటు. విషయమంతా విన్నాక ఆ తల్లి, “ఇల్లు మారే స్తోమత లేదు డాక్టర్ గారూ. మరి మమ్మల్నేం చేయమంటారు?” అంది. లోపలి వీధుల గుండా బడికి వెళ్ళే దారి కాగితం మీద గీసిచ్చాను. రద్దీ వేళల్లో రోడ్డువైపు కిటికీలు మూసి ఉంచమన్నాను. నా గదిలో కూర్చుని నేను చేయగలిగింది అంతవరకే. వాళ్ళ ఇంటి ముందు రోడ్డు మీద బస్సు వరుస ప్రతిపాదన మీద స్థానిక కౌన్సిల్ ఆ నెలలోనే అభిప్రాయాలు అడుగుతోంది. ఆ సంగతి వాళ్ళకు చెప్పాను. ఈసారి నా జవాబు కూడా పంపాను.